గోడకు నీళ్లు

9 జనవరి 1976, శుక్రవారం. సీబ్

తెలుగులో రాస్తే ఈ ఇంట్లో ఎవరూ చదవలేరు. అబ్బాకు ఉర్దూ అక్షరాలు వచ్చు, అమ్మీకి అవీ రావు. మేం మాట్లాడుకునేది ఉర్దూ. కడపలో బడికి పోయి తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నది నేనొక్కదాన్నే. అమ్మీ మాటలు తెలుగులో పెడితే ఆమె మా పక్కింటి ఓబులమ్మలా వినిపిస్తోంది. నవ్వొస్తోంది. అయినా ఇలాగే రాస్తాను.

ఈరోజు స్థలం చూసి వచ్చాం. మార్చి ఆఖరుకు ఈ కంపెనీ రూమ్ ఖాళీ చేయాలి, ఇందులో కూలీలను పెడతారట. అప్పటికి మాకంటూ ఒక గది లేకపోతే అమ్మీ, నేను మత్రా రేవులో ఓడెక్కి బొంబాయి మీదుగా కడపకు పోవాల్సిందే. అబ్బా ఒక్కడే ఐదేళ్లు ఇక్కడ ఉన్నాడు. మేం వచ్చి ఇంకా ఏడాది కాలేదు.

యజమానిని ఇక్కడ అర్బాబ్ అంటారు. అబ్బాను ఈ అరబ్బు దేశానికి రప్పించిన అర్బాబ్ నాసర్ మంచివాడు. ఉర్దూ బాగా మాట్లాడతాడు. "నా నేలలో గది కట్టుకో ఖాదర్, ఉన్నన్నాళ్లు ఉండు, పోయేటప్పుడు నాకు వదిలేయ్" అన్నాడు. రెండు చోట్లు చూపించాడు. ఒకటి ఖర్జూర తోట దాటాక, కొండల వైపు. అంతా రాళ్ల దిబ్బ. చెప్పు వేసుకున్నా కాలికి గుచ్చుకుంటుంది. రెండోది సముద్రం వైపు. పళ్లెంలా చదునుగా ఉంది. అబ్బా మడమతో గట్టిగా తన్నాడు. టంగుమంది.

"దీనికి పునాది ఏంటికి? అల్లానే స్లాబు పోసి పెట్టినాడు" అన్నాడు.

"మావాళ్లెవరూ ఇక్కడ కట్టుకోలేదు" అన్నాడు అర్బాబ్.

అబ్బా తల ఊపాడు. తిరిగి వస్తుంటే మాత్రం, "ఖర్జూరపు ఆకుల గుడిసెలు వేసుకునేవాళ్లకు కట్టుబడి గురించి ఏం తెలుసు?" అన్నాడు. అబ్బా ఇరవై ఏళ్ల నుంచి మేస్త్రీ.

అమ్మీకి సముద్రం గాలి నచ్చింది. నాకు కూడా. ఖర్జూర చెట్లు తాడు పట్టి కొలిచినట్టు ఒకచోట ఆగిపోయాయి. ఆ తర్వాత మా స్థలం దాకా గడ్డిపోచ లేదు. శుభ్రంగా ఉంది.

10 జనవరి

'చదును' అనే మాట ఎంత బాగుంది! పలుకుతుంటే నోట్లో ఎక్కడా ఎత్తుపల్లాలు తగలవు.

16 జనవరి, శుక్రవారం

పునాది తీశారు. పోచన్న వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి, కంపెనీ నీళ్ల ట్యాంకర్ మీద డ్యూటీ. అబ్బాతో తెలుగులో మాట్లాడతాడు. అబ్బా తెలుగు వింటే అతనికి నవ్వు, అతని తెలుగు వింటే అబ్బాకు నవ్వు.

పై పెచ్చు పగలడానికి గడ్డపార వేస్తే నిప్పురవ్వలు వచ్చాయి. కానీ ఒక మూర లోతుకు పోగానే నేల మెత్తబడింది. ఒక మూలలో అడుగున తడి ఊరింది.

"ఓ మేస్త్రీ! నీల్లు గింత దగ్గర్నే ఉన్నయ్! బాయి తవ్వుకుంటే మా ఊర్లె దొరోలె బతుకుతవ్!" అని పోచన్న ఎగిరి గంతేశాడు.

అమ్మీ వేలు ముంచి నాలుకకు రాసుకుంది. "కొంచెం ఉప్పగా ఉండాది" అంది. కాసేపాగి, "కొంచెమే" అంది.

అబ్బా ఇంకా లోతుకు పోనివ్వలేదు. గట్టిగా ఉన్నదాన్ని ఊరికే తవ్వి పాడుచేస్తారా అన్నాడు. ట్యాంకర్‌లో మిగిలిన మంచినీళ్లు పునాది నిండా పట్టించి దిమ్మిసతో కొట్టారు. మన ఊళ్లో ఏ ఇంటికైనా ఇట్లాగే చేస్తారు. నీళ్లు తాగిన నేల బిగుసుకుంటుంది. నీళ్లు పోసిన ప్రతిసారీ నేల కొంచెం దిగింది.

"చూసినావా, ఎట్ల కూర్చుంటాండాదో" అన్నాడు అబ్బా.

17 జనవరి

అమ్మీ పాడుతూ రొట్టెలు చేసింది. ఇక్కడికి వచ్చాక ఆమె పాడగా వినడం ఇదే మొదటిసారి.

30 జనవరి, శుక్రవారం

గోడలు నా ఛాతీ ఎత్తుకు లేచాయి. అజైబా సైట్‌లో మిగిలిన సిమెంటు బ్లాకులు తీసుకోమని కంపెనీ మేనేజరే చెప్పాడు. అబ్బా డ్యూటీ నుంచి వచ్చి చీకటి పడేదాకా కడతాడు.

నాకూ ఒక డ్యూటీ పడింది. క్యూరింగ్. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గోడలను తడపాలి. పోచన్న డ్రమ్ము నింపి పోతాడు, నేను చెంబుతో పోస్తాను. పైనుంచి పోస్తే గోడ తాగినంత తాగి, మిగిలింది కింద మట్టిలోకి పోతుంది. "బిడ్డకు పాలు పట్టినట్టు పట్టాలి అజ్జూ. గోడకు బలం నీళ్లల్లోనే ఉండాది" అన్నాడు అబ్బా. ఒక్క పూట కూడా తప్పలేదు. పుస్తకం తీసుకుపోయి, ఒక పాఠం చదివి ఒక గోడ తడుపుతున్నాను. ఇంటర్ పరీక్ష ఎప్పటికైనా ప్రైవేటుగా కడతాను.

పునాదిలో తీసిన పెచ్చుల్లో రెండు ఇంటికి తెచ్చుకున్నాను. ఎండలో పెడితే లోపల చిన్న చిన్న పలుకులు మెరుస్తాయి. ఒకటి కిటికీలో ఉంది, ఇంకొకటి కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద.

కడపలో చౌడు నేల చూశాను. చాకలివాళ్లు ఆ మట్టి తీసుకుపోయి బట్టలకు వాడేవాళ్లు. ఇక్కడ కూడా పైన అలాంటి తెలుపే ఉంది. కానీ చౌడు పొడిపొడిగా రాలుతుంది, ఇది రాయిలా ఉంది. కాబట్టి ఇది చౌడు కాదు.

6 ఫిబ్రవరి, శుక్రవారం

అమ్మీ గోడ వెంబడి పాదులు చేసింది. ధనియాలు, గోంగూర, రెండు బెండ గింజలు. కడప నుంచి చీర కొంగులో ముడేసుకుని తెచ్చినవి. ఇన్నాళ్లూ దాచుకుంది. సొంత గుమ్మం లేకుండా విత్తనం వేయకూడదని ఆమె పట్టు.

రాకరాక అర్బాబ్ వచ్చి గోడ చుట్టూ తిరిగాడు. పాదులు చూసి అమ్మీ వైపు చూశాడు. ఏదో అనబోయి ఆగిపోయాడు. పెద్దమనిషి మర్యాద.

13 ఫిబ్రవరి, శుక్రవారం

సముద్రం వైపు మూలలో గోడ మీద ఒక గీత. వెంట్రుకంత.

15 ఫిబ్రవరి

గీతే.

గోంగూర మొలిచింది. ఆకుల అంచులు కాల్చినట్టు ఉన్నాయి. ధనియాలు మొలవలేదు. ఇంకా టైముంది.

20 ఫిబ్రవరి, శుక్రవారం

అది గీత కాదు. వేలిగోరు దూరుతుంది. పగులు అని రాయడానికి వారం పట్టింది నాకు.

కింది వరస బ్లాకులకు తెల్లటి పొడి పట్టింది. చేత్తో తుడిస్తే పోతుంది, మర్నాటికి మళ్లీ వస్తుంది. తుడిచినప్పుడల్లా బ్లాకు కూడా కొంచెం రాలుతోంది.

అబ్బా పగులు ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"మద్యాన్నం పూట నీళ్లు పోస్తాండావా?"

"పోస్తున్నా అబ్బా."

"పోస్తే గోడ పగలదు బేటీ. ఇరవై ఏళ్లల్లో నేను కట్టిన గోడ పగిలిందంటే ఒకటే కారణం, నీళ్లు చాలక. పుస్తకం ముందర పెట్టుకుంటే నీకు గోడ యాడ కనపడుతుంది?"

పోచన్న అక్కడే ఉన్నాడు. అతని ముందు అన్నాడని ఏడుపొచ్చింది. "పోనీ మేస్త్రీ, పోరి దినాం వోస్తనే ఉన్నది, నేన్ జూస్తున్న గద" అన్నాడు పోచన్న. అబ్బా వినలేదు. అబ్బా ఎవరి మాటైనా వినగా నేను చూసింది తక్కువ.

రేపటి నుంచి రెట్టింపు పోస్తాను.

21 ఫిబ్రవరి

రెట్టింపు పోశాను. చేతులు నొప్పి.

22 ఫిబ్రవరి

కాగితాల మీది పెచ్చుకు దుమ్ము పట్టింది. కడుగుదామని బకెట్లో వేసి, అమ్మీ పిలిస్తే పోయాను. తిరిగి వచ్చేసరికి బకెట్లో పెచ్చు లేదు. అడుగున బురద ఉంది. అమ్మీ పారబోసిందేమో అనుకుని అడిగాను, తను ముట్టుకోలేదంది. ఎంత అందమైన పెచ్చు! ఇంకొకటి కిటికీలో ఉంది కదా అని సరిపెట్టుకున్నాను.

ఈరోజు కూడా రెట్టింపు పోశాను.

23 ఫిబ్రవరి

సాయంత్రం పోస్తుంటే చేయి ఆగిపోయింది. గోడ తాగగా మిగిలిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

24 ఫిబ్రవరి

కిటికీలోని పెచ్చును గిన్నెలో పెట్టి నీళ్లు పోశాను. ఈసారి పక్కనే కూర్చుని చూశాను. ముందు బుడగలు వచ్చాయి. అంచులు జారాయి. నడుమ కూలింది. గడ్డపారకు నిప్పులు రాల్చిన పెచ్చు, ఒక పేజీ చదివేలోపు గంజిలా అయిపోయింది. వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. అమ్మీ చెప్పిన 'కొంచెం' కాదు.

ఆ నేలను ఇన్నాళ్లు రాయిలా పట్టి ఉంచింది ఉప్పే. మంచినీళ్లు పోసి ఆ ఉప్పును కరిగిస్తున్నది నేను. నా డ్యూటీ ఒక్క పూట కూడా తప్పలేదు.

అమ్మీకి చూపించాను. ఆమె గిన్నె వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

"మీ అబ్బాకు చెప్పొద్దు."

"ఎందుకు?"

"గోడ పడితే ఓడే మనకు. పడేదాకా ఇంట్లోనే ఉన్నట్టు."



25 ఫిబ్రవరి

చెప్పలేదు. నీళ్లు పోశాను, కానీ సగమే.

26 ఫిబ్రవరి

పోయలేదు. పోశానని అబద్ధం చెప్పాను.

27 ఫిబ్రవరి, శుక్రవారం

అబ్బా అరచేయి గోడకు ఆనించాడు. పొడిగా ఉంది. ఇంతవరకు నన్ను ఎప్పుడూ కొట్టలేదు, ఈరోజు కూడా కొట్టలేదు. కానీ చెంబు తీసి దూరంగా విసిరేశాడు. "నువ్వు కూడా నాకు అబద్ధం చెప్తావా?" అన్నాడు.

నేను డ్రమ్ములోంచి ఒక బకెట్ నీళ్లు ముంచి ఆయన ముందు పెట్టాను. "అబ్బా, పెచ్చు ఇందులో వేయండి" అన్నాను.

"ఏ పెచ్చు?"

"మీకు నచ్చింది. మీరే తీయండి."

కోపంలోనే గడ్డపార తీసి గోడ పక్కన నేలను పొడిచి, తలకాయంత ముక్క లేపాడు. నీళ్లలో వేశాడు. నిలబడి చూశాడు. కాసేపటికి కూర్చుని చూశాడు. నీళ్లు తెల్లబడ్డాయి. ముక్క ఒరిగి, చీలి, జారిపోయింది. అబ్బా చేయి పెట్టి అడుగున వెతికాడు. బురద పైకి తీసి వేళ్ల మధ్య నలిపాడు.

ఇంకో ముక్క తీసి వేశాడు. అదీ అంతే.

తర్వాత ఒక గులకరాయి ఏరి వేశాడు. అది అడుగున చప్పుడు చేసి అలాగే ఉండిపోయింది. అబ్బా దాని వైపే చూస్తూ కూర్చున్నాడు. పోచన్న తువ్వాలు తీసి అబ్బా చేతికిచ్చాడు.

28 ఫిబ్రవరి

డ్యూటీ నుంచి వచ్చాక అబ్బా నన్ను ఒక్కదాన్నే స్థలానికి తీసుకుపోయాడు. గోడ నిలువు చూసే తూకం గుండు తీసి మూల దగ్గర వేలాడదీశాడు. పైన దారం గోడకు తగులుతోంది, కింద నా పిడికిలి దూరేంత ఎడం ఉంది. గోడ సముద్రం వైపు తల వంచింది.

"ఇది నేను ఈ నెల మొదట్లోనే చూసినా" అన్నాడు. "మళ్లీ గుండు బయటికి తీయలేదు. తీస్తే చూడాల కదా."

నా తల మీద చేయి వేశాడు. "నిన్ను ఊరికే అంటి బేటీ" అన్నాడు.

29 ఫిబ్రవరి

అబ్బా అర్బాబ్ దగ్గరికి పోయి వచ్చాడు. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాడట. "ఒకసారి చెప్పాను. నువ్వు మేస్త్రీవి, మళ్లీ అడుగుతావనుకున్నాను" అన్నాడట అర్బాబ్. అబ్బా ఆ మాటను మాకు రెండుసార్లు చెప్పాడు. ఎవరి మీదా కోపం లేనట్టు చెప్పాడు.

5 మార్చి, శుక్రవారం

గోడలు విప్పారు. కింది రెండు వరసలు చేతిలోనే పొడి అయ్యాయి. పైవి బాగున్నాయి, రాళ్ల దిబ్బ మీదికి చేరవేశారు.

"జిందగీల పాతిల్లు కూలగొట్టిన గని, సగం కట్టిన కొత్తిల్లు కూలగొట్టుడు ఇదే మేస్త్రీ. చప్పట్లు కొట్టమంటవా?" అన్నాడు పోచన్న.

"నీ బావి యాడ ఉండాదిరా? దొర మాదిరి బతుకుతానన్నావే?" అన్నాడు అబ్బా.

ఇద్దరూ నవ్వారు. అమ్మీ నవ్వలేదు. ఎండిన గోంగూర మొక్కలు పీకి, వేళ్లకంటుకున్న తెల్లమట్టి దులిపింది.

12 మార్చి, శుక్రవారం

రాళ్ల దిబ్బకు కూడా ఒక భయం ఉంది. కొండల్లో వాన పడితే వాగు ఎటు వస్తుందో మనకు తెలియదు. అబ్బా ఈరోజు పొద్దంతా మనుషులను అడుగుతూ తిరిగాడు. తోటలో పనిచేసే ముసలాయన, మేకలు కాసే ఆమె, దారిలో గాడిద మీద పోయేవాడు, ఎవరినీ వదల్లేదు. తనకు వచ్చిన రెండు ముక్కల అరబ్బీతో "మాయి వేన్? మాయి వేన్?" అని నీళ్లు ఎక్కడికొస్తాయని అడగడం, వాళ్లు చేతులు తిప్పి చూపించడం. మేకలామె తన మోకాలు చూపించి, తర్వాత దిబ్బ కింద ఉన్న ముళ్లపొద చూపించి, అక్కడికి మించి రాదన్నట్టు కర్రతో నేలను గీసింది. ముసలాయన కూడా అదే పొదను చూపించాడు.

అబ్బా గుర్తుకు రాయి పెట్టి, అక్కడి నుంచి చాలా పైకి ఎక్కి ముగ్గు వేశాడు. ఈసారి ముందు గుంత తవ్వాడు. అంతా గులకరాళ్లు, వాటి మధ్య గట్టి ఎర్రమట్టి. గుంతలో నీళ్లు పోసి మర్నాటిదాకా చూద్దామన్నాడు.

13 మార్చి

గుంత అట్లాగే ఉంది. తవ్వడమే కష్టం. పొద్దస్తమానం కొడితే జానెడు దిగుతోంది.

26 మార్చి, శుక్రవారం

కాలేదు. పునాది ఇంకా సగం కూడా కాలేదు. అబ్బా చేతులకు గుడ్డలు చుట్టుకుని కొడుతున్నాడు. ఐదు రోజుల్లో రూమ్ ఖాళీ చేయాలి.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అబ్బా తల ఎత్తకుండా చెప్పాడు.

"బుధవారం ఓడ ఉండాది. టికెట్లు తీసుకున్నా. మీరు పోండి. ఇల్లు అయినాక పిలిపిస్తా."

అమ్మీ పళ్లెం తీస్తూ, "నువ్వు ఇక్కడికొచ్చేటప్పుడు కూడా ఈ మాటే చెప్పినావు. ఐదేళ్లు పట్టింది" అంది. గట్టిగా కూడా అనలేదు.

అబ్బా లేచి దిబ్బకు పోయాడు. నాకు కడప పోవడం ఇష్టమే. అక్కడ కాలేజీ ఉంది. లైబ్రరీ ఉంది. ఇష్టమే.

30 మార్చి

సామాను కట్టాం. ఇష్టం లేదు.

31 మార్చి, బుధవారం

అబ్బాకు సెలవు ఇవ్వలేదు. పొద్దున్నే డ్యూటీ లారీ ఎక్కబోతూ నా నుదుటిని ముద్దు పెట్టుకున్నాడు. అమ్మీకి "చేరినాక జాబు రాయించు" అన్నాడు. అమ్మీ "ఊ" అంది. లారీ మలుపు తిరిగేదాకా అబ్బా ఇటువైపు చూడలేదు.

తర్వాత పోచన్న ఒక పికప్ తీసుకుని, డ్రైవర్‌తో వచ్చాడు. ట్రంకులు, చాప, బొగ్గుల పొయ్యి ఎక్కించాడు. పొయ్యి ఎందుకని అతనూ అడగలేదు, నేనూ అడగలేదు. అమ్మీ ముందు సీట్లో కూర్చుని బురఖా సర్దుకుంది.

"మత్రాకేనా అక్కా?" అన్నాడు పోచన్న.

"రాళ్ల దిబ్బకు" అంది అమ్మీ. తెలుగులో అంది. ఆమెకు తెలుగు వచ్చని నాకు ఇప్పటిదాకా తెలియదు.

"మేస్త్రీ నన్ను సంపుతడు!"

"ముందు నన్ను చంపాల. తర్వాత కదా నువ్వు. పోనీయి."

పోచన్న డ్రైవర్ వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. "మా ఇంటిది దేవవ్వ గూడ గిట్లనే. మాటంటే మాటే" అన్నాడు.

దిబ్బ మీద టార్పాలిన్ కట్టడానికి మేకు కొడితే రెండు దెబ్బలకే వంగిపోయింది. అమ్మీ దాన్ని పక్కన పడేసి, బ్లాకులకే తాళ్లు కట్టింది. రాళ్లు జరిపి పొయ్యి పెట్టింది. గాలికి టార్పాలిన్ దబదబ కొట్టుకుంటోంది. పప్పు ఉడుకుతుండగా కింది దారిలో అబ్బా కనిపించాడు. డ్యూటీ దిగి నేరుగా పునాది తవ్వడానికి గడ్డపార భుజాన వేసుకుని తలవంచుకుని ఎక్కుతున్నాడు. పొగ చూసి ఆగాడు.

దగ్గరికి వచ్చి ట్రంకులు చూశాడు. నన్ను చూశాడు. "టికెట్లు?" అన్నాడు.

"ఓడ పోయింటాది ఈపాటికి. కాళ్లు కడుక్కో" అంది అమ్మీ.

"ఎండలు వస్తాండాయి. ఈ రాళ్ల మీద ఎట్ల పండుకుంటారు? వీపుకు గుచ్చుకోవా?"

"గుచ్చుకుంటాయి" అంది అమ్మీ, గరిటె తిప్పుతూ.

అబ్బా అరుస్తాడేమో అనుకున్నాను. గడ్డపార పక్కన పెట్టి, నేను చాప పరిచిన చోటికి వచ్చాడు. చాప ఎత్తి మడిచాడు. గొంతుక్కూర్చుని, గుడ్డలు చుట్టిన చేతులతో కింది రాళ్లు ఒక్కొక్కటి ఏరి అవతల వేయడం మొదలుపెట్టాడు.